దోమ సంగతి దాచి చదివించాల్సిన నవల

మహమ్మారి ఇతివృత్తంగా వచ్చిన చారిత్రక నవలను ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు చెప్పేటప్పుడు, వాళ్లకు జవాబు ముందే తెలిసి ఉండటం పెద్ద చిక్కు. జ్వరాలు సూక్ష్మజీవుల వల్ల వస్తాయని, దోమలు కొన్ని వ్యాధులను మోసుకొస్తాయని, నరం కోసి రక్తం తీస్తే రోగి మరింత నీరసించిపోతాడని ఈ వయసు పిల్లల్లో చాలామందికి తెలుసు. అందుకే పుస్తకం తెరిచిన మొదటి రోజు నుంచే వాళ్లు ఆ కాలపు మనుషులను పైనుంచి చూడటం మొదలుపెడతారు. ‘ఇంత చిన్న విషయం కూడా తెలియదా వాళ్లకు?’ అనే మాట తరగతిలో స్థిరపడిపోయిందంటే, ఆ తరువాత ఎన్ని అధ్యాయాలు చదివించినా అది మూర్ఖుల కథగానే మిగిలిపోతుంది. మూర్ఖుల కథ చదివిన పిల్లవాడికి చరిత్ర గురించి గానీ, తన కాలం గురించి గానీ కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

లారీ హాల్స్ ఆండర్సన్ రాసిన ‘ఫీవర్ 1793’ నవలను బోధిస్తూ నేను గట్టిగా నమ్మిన సంగతి ఒకటుంది. ఆ నవలను చెప్పినంత కాలమూ ‘ఆ రోజున, ఆ ఊళ్లో, ఆ మనిషికి ఏం తెలిసే అవకాశం ఉంది?’ అన్న ప్రశ్నను వదలకూడదు. అదొక్కటీ పట్టుకుంటే పాత్రల మనస్తత్వం, చరిత్ర, విజ్ఞానశాస్త్రం, సాక్ష్యాన్ని తూచే పద్ధతి అన్నీ దాని వెంటే వస్తాయి. దాన్ని వదిలేస్తే పాఠం కొత్త పదాల జాబితాగానూ, కథాసారాంశంగానూ తేలిపోతుంది. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నను తరగతిలో ఎలా నిలబెట్టవచ్చో చెప్పడానికే.

నవల తెలియనివారి కోసం కొంత నేపథ్యం చెబుతాను. 1793లో ఫిలడెల్ఫియా అమెరికా సంయుక్త రాష్ట్రాలకు రాజధాని, దాదాపు 50,000 మంది ఉన్న నగరం. ఆ ఏడాది ఆగస్టులో రేవు దగ్గరి ఇళ్లలో మొదలైన ఎల్లో ఫీవర్ నవంబరులో చలి ముదిరేదాకా సాగి, సుమారు 5,000 మందిని పొట్టన పెట్టుకుంది. పదిహేడు వేల మంది ఊరు విడిచిపోయారని ఆనాటి ప్రచురణకర్త మాథ్యూ కేరీ అంచనా వేశాడు. అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ సెప్టెంబరు 10న నగరం వదిలి మౌంట్ వెర్నన్‌లోని తన ఇంటికి వెళ్లిపోయాడు. ఆర్థిక శాఖ చూస్తున్న అలెగ్జాండర్ హామిల్టన్ జ్వరం బారిన పడి బయటపడ్డాడు. నవలలో ఈ చరిత్రంతా మాటీ కుక్ అనే పద్నాలుగేళ్ల అమ్మాయి కళ్లతో కనిపిస్తుంది. ఆమె తల్లి వితంతువు, కాఫీ హౌస్ నడుపుతుంది. తాత మాజీ సైనికుడు. వంట చూసే ఎలైజా స్వేచ్ఛ పొందిన నల్లజాతి స్త్రీ. వాళ్ల దగ్గర పనిచేసే పాలీ అనే అమ్మాయి కథ మొదట్లోనే చనిపోతుంది. ఆ తరువాత ఒక్కొక్క ఇల్లూ మూతపడుతూ వస్తుంది.

నవల మొదటి వాక్యంలోనే చెవి దగ్గర దోమ రొద ఉంది. రచయిత్రి చేసిన గొప్ప పని, ఆ దోమను అక్కడ పెట్టి ఇక ఏమీ మాట్లాడకపోవడం. ఏ పాత్రా దాన్ని జ్వరంతో ముడిపెట్టదు. కాస్త చురుకైన పిల్లలు మొదటి పుటలోనే ‘దోమ వల్లే కదా టీచర్’ అంటారు. ఆ మాటను నేను ఖండించను. ‘ఆ సంగతి మాటీకి ఎవరు చెబుతారు?’ అని మాత్రం అడుగుతాను. తరగతి మొత్తానికీ ఒక నియమం పెడతాను: నవల ముగిసేదాకా చర్చల్లో గానీ, రాతల్లో గానీ మాటీకి తెలియని విషయాన్ని ఆధారంగా చూపకూడదు. నియమం చిన్నదే. కానీ దీనివల్ల పిల్లలు అధ్యాయాన్ని వెనక్కి తిప్పి మళ్లీ చదవాల్సి వస్తుంది. ఎందుకంటే తమకు తెలిసినదేదో, పుస్తకం చెప్పినదేదో విడదీసి చూసుకోకుండా ఒక్క వాక్యం కూడా రాయలేరు.

దీనికోసం ప్రతి విద్యార్థీ ఒక నోటు పుస్తకం పెట్టుకుంటారు. పుటకు పైన తేదీ ఉంటుంది, నవలలోని అధ్యాయాలకు తేదీలు ఉండటం ఇందుకు బాగా ఉపకరిస్తుంది. కింద మాటీ కళ్లారా చూసినది, ఇతరుల నోట విన్నది, తాను ఊహించుకున్నది వేరువేరుగా రాయాలి. మొదటి వారంలో ఈ మూడూ కలిసిపోతాయి. పాలీ చనిపోయిందన్న వార్త విన్నది. ఎలా చనిపోయిందన్నది ఊహించుకున్నది. ఊళ్లో జ్వరం ఉందన్నది వదంతి. గంటల మోత మాత్రం చెవులారా విన్న సాక్ష్యం. మెల్లగా పిల్లలకు తేడా అలవాటవుతుంది. వదంతి అబద్ధం కానక్కర్లేదని, కళ్లతో చూసినది సైతం తప్పు నిర్ణయానికి దారితీయవచ్చని వాళ్లంతట వాళ్లే గమనించడం మొదలుపెడతారు. ఆ దశకు వచ్చిన తరగతికి అసలు పాఠం చెప్పవచ్చు.

అసలు పాఠం నా ఉద్దేశంలో డాక్టర్ బెంజమిన్ రష్. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసినవారిలో ఒకడు, బానిసత్వాన్ని వ్యతిరేకించినవాడు, ఆ నగరంలో అందరికంటే పేరున్న వైద్యుడు. జ్వరం వచ్చినవారికి పాదరసంతో చేసిన కాలమెల్‌ను, జాలప్ అనే వేరు పొడిని కలిపి పెద్ద మోతాదులో విరేచనాలకు ఇచ్చేవాడు. ఆ పైన నరం కోసి రక్తం తీసేవాడు. మనిషి శరీరంలో ఎంత రక్తం ఉంటుందన్న లెక్కే ఆయనకు తప్పింది. ఉన్నదానికంటే చాలా ఎక్కువ ఉంటుందని నమ్మాడు కాబట్టి తీసేదీ ఎక్కువగానే తీశాడు. ఇంతవరకు చెప్పి ఆపితే పిల్లలు ఆయన్ను హంతకుడని తేల్చేస్తారు. అందుకే మిగతాది కూడా చెప్పాలి. డబ్బున్నవారు, అధికారులు, కొందరు వైద్యులు ఊరు వదిలిపోతుంటే ఆయన వదలలేదు. కొన్ని రోజుల్లో వంద మందికి పైగా రోగులను చూశాడు. ఆయన దగ్గర చదువుకుంటున్న శిష్యుల్లో కొందరు, సొంత అక్కచెల్లెళ్లలో ఒకరు ఆ జ్వరంతోనే చనిపోయారు. తనకు జ్వరం వచ్చినప్పుడు కూడా తన వైద్యాన్నే చేయించుకుని, బతికి, అది పనిచేస్తుందని మరింత గట్టిగా నమ్మాడు.

ఈ చివరి సంగతి మీద ఒక తరగతి మొత్తం గడపవచ్చు, గడపాలి కూడా. తప్పుడు వైద్యం సరైనదిగా ఎందుకు కనిపించింది? దీనికి జవాబు ఎల్లో ఫీవర్ స్వభావంలోనే ఉంది. జ్వరం, నడుము నొప్పి, వాంతులతో మూడు నాలుగు రోజులు పట్టి పీడించాక చాలామందిలో అది తగ్గిపోతుంది. అలా తగ్గినవారిలో ఎక్కువమంది కోలుకుంటారు. కొందరిలో మాత్రం ఒక రోజు తెరిపి ఇచ్చి మళ్లీ విరుచుకుపడుతుంది. కళ్లు పచ్చబడతాయి, రక్తం కలిసిన నల్లటి వాంతి అవుతుంది, ఆ దశలో చాలామంది చనిపోతారు. అంటే వైద్యుడు రక్తం తీసిన మర్నాడు రోగి లేచి కూర్చోవడం తరచుగా జరిగేదే. ఆ లేచి కూర్చోవడాన్ని వైద్యుడు తన ఖాతాలో వేసుకుంటాడు. తరువాత రోగి చనిపోతే, చికిత్స ఆలస్యమైందనో, తీసిన రక్తం చాలలేదనో అనుకుంటాడు. వైద్యం తీసుకోనివారిలో ఎంతమంది బతికారో ఎవరూ లెక్క పెట్టలేదు. పన్నెండేళ్ల పిల్లలకు ఈ వాదనను బోర్డు మీద గీసి చూపిస్తే ఇట్టే పట్టుకుంటారు. ఆ తరువాత ‘రష్ తెలివితక్కువవాడు’ అనే వాక్యం వాళ్ల నోటు పుస్తకాల్లో కనిపించదు. దాని బదులు ‘రష్ దేనితో పోల్చి చూసుకోలేదు?’ అనే ప్రశ్న కనిపిస్తుంది. నవలను పక్కనపెట్టి సైన్స్ పాఠం చెబుతున్నామేమోనన్న సందేహం అక్కర్లేదు. మాటీ తల్లికి వైద్యుడు రక్తం తీసే ఘట్టంలోని భయమంతా ఈ సంగతి తెలిశాకే అర్థమవుతుంది. ఆ గదిలో ఉన్నవారెవరూ చెడ్డవారు కారు. అందరూ ఆమెను బతికించాలనే చూస్తున్నారు.

నవలలో దీనికి ఎదురుగా నిలిచేది బుష్‌హిల్. ఊరి బయటి ఆ పెద్ద భవనాన్ని జ్వరపీడితుల ఆసుపత్రిగా మార్చారు. మొదట్లో అది చావడానికి పంపే చోటన్న పేరు తెచ్చుకుంది. ఆ పైన స్టీఫెన్ జిరార్డ్ అనే వ్యాపారి, పీటర్ హెల్మ్ అనే పీపాలు చేసే పనివాడు తమంతట తాము ముందుకు వచ్చి దాని నిర్వహణ చేపట్టారు. సాన్ డొమింగ్ (నేటి హైతీ) నుంచి శరణార్థిగా వచ్చిన ఫ్రెంచి వైద్యుడు జాన్ దెవేజ్ అక్కడ రక్తం తీయడాన్ని దూరం పెట్టి, విశ్రాంతి, పానీయాలు, శుభ్రమైన పడకలతో రోగులను చూసుకున్నాడు. జ్వరంతో స్పృహ తప్పిన మాటీ కళ్లు తెరిచేది అక్కడే. తరువాత ఎలైజా ఇంటి పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు, వాళ్లకు రక్తం తీయించాలా వద్దా అన్న ప్రశ్న ఆమె ముందుకు వస్తుంది, వద్దనే ఆమె తేలుస్తుంది. నా దృష్టిలో నవలకు ఇదే కీలక ఘట్టం. పద్నాలుగేళ్ల అమ్మాయి నగరంలోకెల్లా పెద్ద వైద్యుడి పద్ధతిని కాదంటోంది. దోమ సంగతి తెలిసి కాదు, వైరస్ సంగతి తెలిసి అసలే కాదు. తాను చూసిన రెండు గదులను పక్కపక్కన పెట్టుకుని చూసి ఆ మాట అంటోంది. మాటీ నోటు పుస్తకంలో ‘చూసినది’ అన్న చోట ఏముందో పిల్లలు అప్పటికే రాసుకుని ఉంటారు. ఆమె నిర్ణయానికి దారి వాళ్లకు వాళ్ల చేతిరాతలోనే కనిపిస్తుంది.

జ్వరం ఎక్కడి నుంచి వచ్చిందన్న వాదన మరో పెద్ద సరుకు. దాన్ని తరగతిలో తప్పకుండా చర్చకు పెడతాను. ఆనాటి వైద్యులు రెండుగా చీలిపోయారు. రేవులో పారబోసిన కాఫీ గింజలు కుళ్లి, ఆ దుర్వాసన గాలిని చెడగొట్టిందని రష్ వర్గం అంటుంది. ఓడల్లో వచ్చినవారు మోసుకొచ్చారని రెండో వర్గం అంటుంది. సాన్ డొమింగ్‌లో తిరుగుబాటు కారణంగా ఆ వేసవిలో వేల మంది శరణార్థులు అమెరికా రేవులకు చేరుకున్నారన్నది నిజమే. పిల్లలను రెండు జట్లుగా చేసి, ఆనాటికి అందుబాటులో ఉన్న ఆధారాలతో మాత్రమే వాదించమంటే ఒక విచిత్రం బయటపడుతుంది: ఎదుటి జట్టును రెండు జట్లూ ఓడించగలవు, కానీ తన వాదాన్ని ఏ జట్టూ నిలబెట్టుకోలేదు. ఓడల వల్లే వస్తే, రోగిని అంటిపెట్టుకుని సేవ చేసినవారిలో అంతమందికి ఏమీ కాలేదెందుకు? కుళ్లిన కాఫీ వల్లే వస్తే, అది ఎత్తివేశాక, రేవుకు దూరంగా ఉన్న వీధుల్లోకి ఎలా పాకింది?

ఆ చిక్కుముడి ఎందుకు విడలేదో నవల పూర్తయ్యాకే చెబుతాను. ఈ జ్వరపు వైరస్‌ను మోసుకెళ్లే ఏడిస్ ఈజిప్టి దోమ రోగి రక్తం తాగాక, ఆ వైరస్ దాని లాలాజలంలోకి చేరడానికి వాతావరణాన్ని బట్టి పది, పన్నెండు రోజులు పడుతుంది. అది కుట్టిన మనిషికి జ్వరం బయటపడటానికి మరో 3 నుంచి 6 రోజులు. అంటే మొదటి రోగికీ, అతని వల్ల జబ్బుపడిన రెండో రోగికీ మధ్య రెండు వారాలకు పైగా ఖాళీ ఉంటుంది, ఆ లోపు మొదటివాడు చనిపోయో, కోలుకునో ఉంటాడు. ఆ రెండు ఘటనలకూ సంబంధం ఉందని ఎవరికి తోస్తుంది? ఓడల నీటి పీపాల్లోనే దోమలు గుడ్లు పెట్టి సముద్రం దాటాయి కాబట్టి ఓడల వర్గం మాటలో కొంత నిజముంది. ఇళ్ల దగ్గర నీళ్లు పట్టి ఉంచిన పీపాల్లో అవి పెరిగాయి కాబట్టి ఊళ్లోనే ఏదో ఉందన్న వర్గం మాటలోనూ కొంత నిజముంది. నవంబరులో గట్టి మంచు పడగానే జ్వరం ఆగిపోవడం అందరూ చూసిందే. ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియదు.

ఇక్కడ రెండు ఆధారాలు చూపిస్తే పిల్లల కళ్లు పెద్దవవుతాయి. ఆ శరత్కాలంలో దోమలు మామూలు కంటే బాగా ఎక్కువగా ఉన్నాయని రష్ తన రాతలో నమోదు చేశాడు. ఆగస్టు 29న ఒక ఫిలడెల్ఫియా దినపత్రికలో ఏ.బి. అన్న పొడి అక్షరాలతో ఒక లేఖ అచ్చయింది: ఇటీవలి వానలకు దోమలు బాగా పెరుగుతాయి, అవి రోగులకు బాధ, ఆరోగ్యంగా ఉన్నవారికి చికాకు, కాబట్టి నీటి పీపాల్లో కొంచెం నూనె పోస్తే దోమపిల్లలు చస్తాయి అన్నది దాని సారాంశం. ఆ లేఖ రాసిన వ్యక్తి దోమను చికాకుగానే చూశాడు, జ్వరానికి కారణంగా చూడలేదు. నగరమంతా ఆ సలహా పాటించి ఉంటే ఏమయ్యేదన్న ఊహ పిల్లలకు చాలా ఇష్టం. నేను ఆ ఊహను కొంతసేపు సాగనిచ్చి, ప్రశ్న దగ్గరికి మళ్లిస్తాను: ఆ లేఖ చదివిన రష్‌కు దాన్ని పట్టించుకోవడానికి ఏ కారణం ఉంది? చేతికి అందిన వాస్తవం, అర్థమైన వాస్తవం ఒకటి కావని ఈ లేఖ చెప్పినంత సూటిగా నేను చెప్పలేను.

ఆ తరువాతి కథను నేను త్వరగానే ముగిస్తాను. 1881లో క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే దోమే వాహకమని ప్రతిపాదించాడు. ఇరవై ఏళ్ల దాకా ఆ మాటను ఎక్కువమంది నమ్మలేదు. 1898లో హెన్రీ కార్టర్ అనే అమెరికన్ వైద్యుడు, మొదటి రోగికీ తరువాతి రోగులకూ మధ్య ఉన్న ఆ రెండు వారాల ఖాళీని గమనించాడు. 1900లో అమెరికా సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ బృందం ప్రయోగాలతో దోమ పాత్రను నిరూపించింది. ఆ బృందంలోని జెస్సీ లాజియర్ ఆ పనిలోనే జ్వరంతో చనిపోయాడు. 1937లో మాక్స్ థైలర్ టీకా వచ్చింది. ఇక్కడ పిల్లలు అడగాల్సింది తేదీలు కాదు. ఫిన్లే దోమలతో చేసిన ప్రయత్నాలు ఎందుకు ఒప్పించలేకపోయాయన్నది అడగాలి. పది, పన్నెండు రోజులు ఆగాలని ఆయనకు తెలియదు. చర్చలో రెండు జట్లూ ఎక్కడ చిక్కుపడ్డాయో సరిగ్గా అక్కడే ఆయనా చిక్కుపడ్డాడు.

నవలలో పిల్లలు అంతగా గమనించకుండా దాటిపోయే భాగం ఒకటుంది. అక్కడ ఎంత ఎక్కువసేపు ఆగితే అంత మంచిది. ఎలైజా ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ అనే నల్లజాతివారి పరస్పర సహాయ సంస్థ తరఫున ఇల్లిల్లూ తిరిగి రోగులకు సేవ చేస్తుంది. ఆ సంస్థ నిజంగా ఉండేది. అబ్సలోమ్ జోన్స్, రిచర్డ్ అలెన్ 1787లో దాన్ని స్థాపించారు. నల్లజాతివారికి ఈ జ్వరం సోకదని రష్ నమ్మి, నగరానికి సేవ చేయమని ఆ సమాజాన్ని కోరాడు. ఆ నమ్మకం తప్పు. 1792లో ఆ నగరంలో తమవారిలో 67 మందిని సమాధి చేస్తే, 1793లో 305 మందిని చేశారని జోన్స్, అలెన్ తరువాత అచ్చులో చూపించారు. అప్పటికి వాళ్లు రోగులకు సేవ చేశారు, శవాలు మోశారు, రష్ నేర్పిన పద్ధతిలో ఎనిమిది వందల మందికి పైగా రక్తం కూడా తీశారు. జ్వరం తగ్గుముఖం పట్టగానే మాథ్యూ కేరీ ఒక చిన్న పుస్తకం అచ్చువేసి, నల్లజాతి పరిచారకుల్లో కొందరు రాత్రికి రెండు మొదలు అయిదు డాలర్ల దాకా గుంజారని, ఇళ్లలో దొంగతనాలు చేశారని రాశాడు. జోన్స్, అలెన్‌లను మాత్రం పేరు పెట్టి మెచ్చుకున్నాడు. 1794లో వాళ్లిద్దరూ తమ పుస్తకంతో జవాబు చెప్పారు.

ఈ రెండు పుస్తకాల నుంచి చెరో పుట తీసి పక్కపక్కన పెట్టి చదివించడం ఈ నవల బోధనలో నాకు అన్నిటికంటే విలువైన పని. జోన్స్, అలెన్ కోపంగా తిట్టి ఊరుకోలేదు. కూలి రేట్లు పెరగడానికి కారణం చూపించారు: పరిచారకుల కోసం ఒకరిపై ఒకరు పోటీపడి ఎక్కువ ఇవ్వజూపింది జబ్బు ఇళ్లవారే. దొంగతనాలు చేసిన తెల్లవారి సంగతులూ చెప్పారు. శవాలను పూడ్చడానికి తమకు ఎంత ముట్టింది, శవపేటికలకు, మనుషుల కూలికి ఎంత ఖర్చయిందో లెక్క రాసి, చేతి నుంచే పోయిందని చూపించారు. కేరీ కొంతకాలం ఊళ్లో లేడని, వాళ్లను నిందిస్తూ రాసిన పుస్తకం అమ్ముకుని ఆయనే బాగా సంపాదించాడని కూడా ఎత్తిచూపారు. పిల్లలను నేను అడిగేది ఇది: కేరీ చూసినదేది, విన్నదేది? జోన్స్, అలెన్ చూసినదేది, విన్నదేది? మాటీ కోసం పెట్టుకున్న నోటు పుస్తకాన్ని ఇప్పుడు నిజమైన మనుషుల మీద ప్రయోగించాలి. నవల ఎలైజా పక్షాన నిలబడింది. అది ఎందుకు నిలబడిందో, ఏ కాగితం ఆధారంగా నిలబడిందో పిల్లలకు చూపించడం మన బాధ్యత. రచయిత్రి మంచిది కాబట్టి ఎలైజాను మంచిగా చిత్రించిందని అనుకుని పుస్తకం మూసేయడం జోన్స్, అలెన్‌లకు అన్యాయం. తమ మాట నిలబడాలని వాళ్లు ఎంత కష్టపడి ఆధారాలు కూర్చారో పిల్లలకు తెలియాలి.

దీనికి అనుబంధంగా, నవలలో ఎవరు కల్పితం, ఎవరు నిజం అన్న పట్టికను పిల్లల చేతనే వేయిస్తాను. మాటీ, ఎలైజా, తాత, నెల్ అనే అనాథ పాప కల్పితాలు. రష్, జిరార్డ్, దెవేజ్, మేయర్ మాథ్యూ క్లార్క్‌సన్ చరిత్రలోని వారు. ప్రతి అధ్యాయం మొదట్లోనూ ఆ కాలపు లేఖల నుంచో, పుస్తకాల నుంచో తీసిన వాక్యాలున్నాయి. పిల్లలు వాటిని వదిలేసి కథలోకి దూకుతారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క వాక్యం అప్పగించి, అది ఎవరిది, ఎవరికోసం రాసింది, దాని కింది అధ్యాయంలో రచయిత్రి దాన్ని ఎలా వాడుకుంది అని రాయిస్తే, కల్పన ఎక్కడ అతికిందో వాళ్లకు స్పష్టంగా తెలుస్తుంది. కొత్త పదాల గురించి ఎక్కువ చెప్పను. ఆ కాలపు వంట, దుస్తుల పేర్లు పిల్లలకు మొదట అడ్డు తగిలినా రెండు వారాల్లో అలవాటవుతాయి.

ఒక పుట మాత్రం తరగతిలో తప్పకుండా పంచాలి. ఆగస్టు చివర్లో నగర వైద్యుల సంఘం జాగ్రత్తలు కొన్ని ప్రకటించింది. జబ్బుపడినవారికి దూరంగా ఉండండి, జబ్బు ఉన్న ఇళ్లకు గుర్తు పెట్టండి, గంటలు మోగించడం ఆపండి, రోగిని గాలి వచ్చే గదిలో ఉంచండి, వీధులు శుభ్రం చేయండి, వినిగర్, కర్పూరం వాడండి, వీధుల్లో మంటలు వేయడం పనిచేయదు కానీ తుపాకి మందు కాల్చడం మేలు. పిల్లలు ఒక్కొక్క సలహానూ తీసుకుని, దాన్ని చెప్పినవారి తర్కం ఏమిటో ముందు రాయాలి, పనిచేసిందా లేదా అన్నది తరువాత. గంటలు ఆపడం జ్వరానికి మందు కాదు, కానీ రోజంతా చావుగంట వింటున్న మనిషికి అది మందే. ఈ మాట పిల్లల్లో ఒకరో ఇద్దరో తప్పకుండా అంటారు. అలా అన్నవారి ముందు నేను ఊరికే తలూపి, ఆ వాక్యాన్ని బోర్డు మీద రాస్తాను.

కోవిడ్ తరువాత ఈ నవలను బోధించేవారికి ఒక జాగ్రత్త అవసరం. తరగతిలో ఎవరింట్లోనైనా ఎవరైనా పోయి ఉండవచ్చు. ఆ సంగతి మనకు తెలియకపోవచ్చు, ఆ పిల్లవాడు చెప్పకపోవచ్చు కూడా. నవలలో తాత చనిపోయే అధ్యాయాలు, మాటీ ఒంటరిగా శవం పక్కన కూర్చునే ఘట్టం గట్టిగా తాకుతాయి. అందుకే వాటిని ఏ వారం చదువుతామో ముందే చెబుతాను, ఇంటి దగ్గర చదువుకుని వస్తామన్నవారికి కారణం అడగకుండా ఆ వీలు ఇస్తాను. రోగులుగా, శవాలు మోసేవారుగా నటింపజేసే పనులను పూర్తిగా మానేశాను. అవి తరగతిలో సందడి తెస్తాయి, కానీ చనిపోయినవారిని ఆటవస్తువులు చేస్తాయి. ‘మీ అనుభవం చెప్పండి’ అని ఎవరినీ అడగను. చెప్పదలచుకున్నవారు చెబుతారు. వినడానికి తరగతికి తీరిక ఉండేలా ఆ రోజు పాఠం తక్కువ పెట్టుకుంటే చాలు. కోవిడ్‌తో పోలికలు పిల్లలే తెస్తారు, తేనిస్తాను. అయితే ఎల్లో ఫీవర్ మనిషి నుంచి మనిషికి గాలి ద్వారా పాకదని, దాని వ్యాప్తి తీరే వేరని నవల ముగిసిన రోజున స్పష్టంగా చెప్పాలి. లేకుంటే పోలిక వాళ్లను తప్పుదోవ పట్టిస్తుంది.

మూల్యాంకనానికి నేను పెట్టే పరీక్ష ఒక లేఖ. 1793 ఆగస్టు మధ్య నుంచి నవంబరు దాకా ఏదైనా ఒక తేదీని విద్యార్థి ఎంచుకుంటాడు. ఆ రోజున ఫిలడెల్ఫియాలో ఉన్న ఒక వ్యక్తి, పరిచారకుడు కావచ్చు, రేవు కూలి కావచ్చు, వైద్యుడి శిష్యుడు కావచ్చు, ఊరి బయట ఉన్న బంధువుకు రాస్తున్నట్టు ఆ లేఖ రాయాలి. తరువాత ఇద్దరేసి పిల్లలు లేఖలు మార్చుకుని, రాసినవారికి ఆ తేదీ నాటికి తెలిసే అవకాశం లేని ప్రతి వాక్యం కిందా గీత గీస్తారు. తెలిసే అవకాశం ఉన్న ప్రతి వాక్యం పక్కన అది చూసినదో, విన్నదో, ఊహించుకున్నదో రాస్తారు. మార్కులు ఈ పనికే ఎక్కువ ఇస్తాను, లేఖలోని భావోద్వేగానికి తక్కువ. మొదట పిల్లలు దీన్ని అన్యాయమంటారు. రెండో చిత్తుప్రతి రాసేసరికి లేఖలు మారిపోతాయి: పెద్ద పెద్ద ప్రకటనలు పోయి, ఎదురింటి తలుపుకు వేసిన గుర్తు, రేవు నుంచి వచ్చే వాసన, పరిచారకురాలికి ఇవ్వాల్సిన డాలర్ల లెక్క కనిపిస్తాయి. ఇద్దరు ముగ్గురు ప్రతిసారీ నిద్రపట్టనివ్వని దోమల గురించి ఒక చికాకు వాక్యం రాస్తారు. దానికింద గీత గీయాలా వద్దా అని జతగాడు నా దగ్గరికి వస్తే, ఏ.బి. లేఖ తేదీ చూసుకుని తేల్చుకోమంటాను.